కొత్త ఇంటికి ఏసీ: ఆ వాట్సాప్ మెసేజ్ చెప్పేవి ఎందుకు తప్పు

ఎండలు ముదరగానే నల్లగొండ, పాలమూరు వైపు ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు తప్పక చదవండి" అని మొదలవుతుంది. అందులో చెప్పేవి ఇవి: ఏసీ ఎంత పెద్ద టన్ను అయితే అంత మంచిది, బిల్లు కూడా తగ్గుతుంది. 16లో పెడితే గది తొందరగా చల్లబడుతుంది. గ్యాస్ ప్రతి ఎండాకాలం నింపించాలి. ఇన్వర్టర్ ఏసీ అయితే కరెంటు పోయినా నడుస్తుంది. ఏసీ కొనలేనివాళ్లు కూలర్ పెట్టి తలుపులు, కిటికీలు మూసుకుంటే చాలు. ఏసీకి వేరే వైరు లాగాల్సిన పని లేదు, ఉన్న ప్లగ్గులోనే పెట్టుకోవచ్చు.

అప్పు చేసి ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం ఖర్చులు ఇంకా తీరకముందే మొదటి ఎండాకాలం చూస్తున్న కుటుంబం ఈ మాటలు నమ్మితే డబ్బు పోతుంది. ఆ చివరి మాట నమ్మితే ప్రాణాల మీదికే వస్తుంది.

ముందు టన్నుల సంగతి. టన్ను అంటే ఏసీ బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పడుతుందో, అంత వేడిని ఒక రోజులో గదిలోంచి తోడేయగల శక్తి అది. కిలోవాట్లలో చెప్తే సుమారు మూడున్నర. ఏసీ చేసేది ఈ తోడటమే, చలిని కొత్తగా పుట్టించదు. అందుకని ఎన్ని టన్నులో తేల్చే ముందు గదిలోకి వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోవాలి.

మన దగ్గర అది ఎక్కువగా నెత్తి మీది నుంచే వస్తుంది. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో అయిదంగుళాల స్లాబు పొద్దంతా ఎండకు కాగుతుంది. ఆ వేడి కాంక్రీటులోంచి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. బయట గాలి కాస్త చల్లబడ్డాక కూడా రాత్రి తొమ్మిదింటికి పడకగది కుంపటిలా ఉండటానికి కారణం ఇదే. ఒకే సైజు గది కింది అంతస్తులో ఉంటే ఒక టన్ను సరిపోవచ్చు, ఎండకు కాగే స్లాబు కింద అయితే ఒకటిన్నర కావాలి. అంతవరకు పెద్దది తీసుకోవడంలో న్యాయం ఉంది. కానీ పది బై పన్నెండు గదికి రెండు టన్నులు పెట్టమనడం తప్పు. ఇన్వర్టర్ కాని, ఒకే వేగంతో నడిచే పాతరకం ఏసీ అయితే గాలిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. గాలిలోని తేమ లాగేంత సేపు నడవదు. జూలై, ఆగస్టుల్లో గది చల్లగానే ఉంటుంది కానీ పక్కబట్టలు చెమ్మగా తగులుతాయి. ఏసీకి పెట్టిన డబ్బు కూడా ఎక్కువే.

ఆ అదనపు డబ్బులో కొంత మిద్దె మీద పెట్టండి. తెల్ల సున్నం, కూల్ రూఫ్ పెయింటు, తెల్ల టైల్స్, ఏదైనా సరే ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2028 వరకు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. సున్నం వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఎండాకాలం ముందు మళ్లీ వేయాలి. పడమటి గోడకు నీడ కావాలి. ఆ వైపు కిటికీ మీద లోతైన సజ్జ, బయట వేపో కానుగో ఉంటే సాయంత్రం ఎండ గోడను తాకదు. పడమటి కిటికీకి లోపల కట్టిన పరదా కన్నా బయట కట్టిన తడక బాగా పనిచేస్తుంది, ఎండ అద్దం దాటి లోపలికి రాకముందే ఆగుతుంది కాబట్టి. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ముందు వీటి మీద ఖర్చు పెట్టాలని నేను గట్టిగా అంటాను.

16లో పెడితే తొందరగా చల్లబడదు. ఆ అంకె ఎక్కడ ఆగాలో చెప్తుంది, ఎంత వేగంగా వెళ్లాలో చెప్పదు. కాగిపోయిన గదిలో 24 పెట్టినా కంప్రెసర్ మొదట పూర్తి బలంతోనే నడుస్తుంది. తేడా ఆ తర్వాత వస్తుంది. 24 దగ్గర అది నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది, 16 అయితే స్లాబు కింది గదిలో తెల్లవార్లూ అందుకోలేక నడుస్తూనే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ, బీఈఈ, చెప్తోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా నిబంధన వచ్చింది. 25, 26లో పెట్టి ఫ్యాన్ మెల్లగా తిప్పుకుంటే హాయిగానే ఉంటుంది.

బిల్లు లెక్క మీరే వేసుకోవచ్చు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, అది 1600 గంటల వాడకానికి. 800 అని ఉంటే గంటకు సగటున అర యూనిట్. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే నాలుగు, నెలకు 120. ఆ సగటులో బయట 24 డిగ్రీలే ఉండే చల్లటి వాతావరణం కూడా కలిసి ఉంటుంది కాబట్టి మన మే నెలలో ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. దానికి ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు కలపండి. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. ఈ లెక్క తెలియక మొదటి బిల్లు చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. మూసేసిన రాగి పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏటా నింపుదామనే మెకానిక్‌ను "లీకు ఎక్కడ?" అని అడగండి. లీకు కట్టి, పైపుల్లో గాలి లాగేసి, ఏసీ మీద రాసినంత బరువు గ్యాస్ తూకం వేసి నింపాలి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 అనే గ్యాస్‌కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది, తెలియనివాళ్లతో పని చేయించొద్దు. చల్లదనం తగ్గడానికి చాలాసార్లు కారణం దుమ్మే. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఇల్లు ఉన్నవాళ్లు రెండు వారాలకోసారైనా ఫిల్టర్ కడుక్కోవాలి.

ఇన్వర్టర్ ఏసీకి, ఇంట్లో బ్యాటరీ పెట్టిన ఇన్వర్టర్‌కు సంబంధం లేదు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించి పెంచే ఏసీ అది, అంతే. నాలుగు ఫ్యాన్లు, లైట్లకు తెచ్చిన ఇన్వర్టర్ దాన్ని లాగలేదు.

కూలర్ మాట అన్నిటికన్నా నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే అది మన జిల్లాలకు నిజంగా పనికొచ్చే వస్తువు. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది. తడి గడ్డి మీదుగా ఆ గాలి వెళ్తే నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది. కిటికీలు మూస్తే అదే తడి గాలి గదిలో తిరిగి తిరిగి నీరు ఆవిరవడం తగ్గిపోతుంది, ఉక్కపోత మొదలవుతుంది. కూలర్ వెనకభాగం బయటి గాలి పీల్చేలా కిటికీకి పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ తెరవాలి. మృగశిర కార్తె దాటి గాలిలో తేమ పెరిగాక దాని పని చాలావరకు అయిపోయినట్టే. కూలర్, ఏసీ కలిపి వేస్తే ఒకటి పోసిన తేమను ఇంకొకటి లాగాలి. బోరు నీళ్లలో ఉప్పు గడ్డికి తెల్లగా పేరుకుంటుంది, వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. దోమలు పెరగకుండా ఉండటానికి కూడా అదే మార్గం.

ఇక ఉన్న ప్లగ్గులో పెట్టుకోమన్న మాట. ఒకటిన్నర టన్ను ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. టీవీకి, ఫోన్ చార్జింగ్‌కు వేసిన 6 ఆంపియర్ల ప్లగ్గు, దాని వెనక సన్న వైరు అంతసేపు తట్టుకోవు. వేడెక్కి కరుగుతాయి, నిప్పంటుకుంటుంది. మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంతంగా 20 ఆంపియర్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్), 16 ఆంపియర్ సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. రాతి నేల, ఎండిన మట్టి ఉన్న చోట ఎండాకాలమంతా ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి. కొత్త మీటరు ఒకటి రెండు కిలోవాట్లకే తీసుకుని ఉంటే డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. లోడు చెప్పకుండా వీధి వీధంతా ఏసీలు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి అందరికీ లో వోల్టేజీ వస్తుంది.

ఇంకా ప్లాస్టరింగ్ కాని ఇల్లయితే, ఏసీ ఈ ఏడు కొనకపోయినా, ప్రతి పడకగదికి ఆ వైరు పైపు, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు వాలుగా గోడలో ఇప్పుడే వేయించుకోండి. బయటి యూనిట్‌కు వేడి గాలి ధారాళంగా పోయే చోటు కూడా ఇప్పుడే మేస్త్రీకి చూపించండి, స్నానాలగది వెనకున్న ఇరుకు సందు మాత్రం వద్దు.