టవర్‌ని తిడుతూ ఫోన్‌తోనే పడుకుంటున్నాం

సెల్‌ఫోన్ తరంగాలు మెదడును అసలు తాకవని తేల్చేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అలాగని మెదడు ఉడికిపోతోందంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లనూ నమ్మను.

2011లో అమెరికాలో మెదడు పరిశోధకురాలు నోరా వోల్కోవ్ బృందం 47 మందికి రెండు చెవుల దగ్గరా ఫోన్లు పెట్టి, కుడివైపు ఫోన్‌కి మాత్రం 50 నిమిషాలు కాల్ కలిపి ఉంచింది, అదీ మ్యూట్‌లో, ఎందుకంటే మాటలు వినబడితే మెదడు ఎలాగూ పనిచేస్తుంది, ఇక తరంగాల వాటా ఎంతో తేలదు. స్కాన్ తీస్తే యాంటెన్నాకి దగ్గరి భాగంలో గ్లూకోజ్ వాడకం సుమారు 7 శాతం పెరిగింది. సరే, మెదడు స్పందించింది. కానీ కళ్లు తెరిచి ఏదైనా చూసినా మెదడు గ్లూకోజ్ ఎక్కువే ఖర్చు చేస్తుంది, దాన్ని ఎవరూ జబ్బు అనరు. అదే ఏడాది ఫిన్లండ్‌లో 13 మంది యువకుల మీద ఇలాంటి పరీక్షే చేస్తే గ్లూకోజ్ వాడకం తగ్గిందని వచ్చింది! ఇంత చిన్న పరీక్షలు పట్టుకుని భయపెట్టడమూ తప్పే, భరోసా ఇవ్వడమూ తప్పే.

క్యాన్సర్ సంగతి కొంత స్పష్టంగానే ఉంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే జాబితాలో చేర్చింది, నిజమే. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్షలో మాత్రం 63 అధ్యయనాలు చూసినా మెదడు క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు.

మనవాళ్ల కోపమంతా టవర్ మీద. ఇక్కడే లెక్క తిరగబడుతుంది. టవర్ ఎంత దూరమైతే, దానికి సిగ్నల్ చేరవేయడానికి చెవి దగ్గరున్న ఫోన్ అంత ఎక్కువ పవర్ వాడుతుంది, ఆ పవర్ వెలువడేది మన తల పక్కనే. టవర్ల తరంగాలకు మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి ఉన్న పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే. ఫోన్ నుంచి మన ఒంట్లోకి చేరే శక్తికి పరిమితి శరీర కణజాలం కిలోకు 1.6 వాట్లు, మీ ఫోన్‌ది ఎంతో చాలా మోడల్స్‌లో *#07# కొడితే కనబడుతుంది.

మరి తలనొప్పి, నిద్రలేమి? ఆ బాధ అబద్ధం కాదు. కానీ సిగ్నల్ ఉందో లేదో చెప్పకుండా చేసిన పరీక్షల్లో, తమకు రేడియేషన్ పడదనేవాళ్లు కూడా అది ఎప్పుడు ఆన్‌లో ఉందో పట్టుకోలేకపోయారు, ఆఫ్‌లో ఉన్నా తలనొప్పి వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసి, పొద్దున్నే తల బరువుగా ఉందని అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో టవర్ తీసేయమంటే ఏం లాభం? ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటే నిద్రా దక్కుతుంది, తరంగాల టెన్షనూ తగ్గుతుంది.

యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు మాత్రం కొనకండి. పనిచేయకపోతే డబ్బు దండగ. నిజంగానే సిగ్నల్‌ని అడ్డుకుంటే ఫోన్ ఇంకాస్త పవర్ పెంచుతుంది.