గిరాకీకి రుచి తెలియదనుకుంటే...

తెలంగాణలో పైసలు పెట్టి పేకాట ఆడితే కేసు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించాక ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా బందయింది. ఆ సరదా ఉన్నవాళ్లకు దగ్గర్లో కనిపించే దారి గోవా. 2024 అక్టోబరులో సికింద్రాబాద్-వాస్కో ఎక్స్‌ప్రెస్ మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా వారానికి రెండుసార్లు మొదలయ్యాక రాత్రంతా కారు నడిపే బాధ కూడా తప్పింది. ఈ మధ్య అలా వెళ్లిన ఒక బృందంలో నేనూ ఉన్నాను. ఆటలో పోయిన డబ్బు గురించి మాట్లాడను, అది పోతుందని తెలిసే జేబులో పెట్టుకున్నాం. నా గొడవంతా ఒక క్యాసినోలో కొత్తగా తెరిచిన డిమ్‌సమ్ రెస్టారెంట్ గురించే.

డిమ్‌సమ్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వాళ్ల చాయ్ దుకాణాల తిండి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పాలు కలపని టీ తాగుతూ, వెదురు బుట్టల్లో పొగలు కక్కుతూ వచ్చే చిన్న చిన్న వంటకాలు తింటూ, తీరిగ్గా ముచ్చట పెట్టుకునే పద్ధతి. దీనికి ప్రాణం ఆవిరి. హార్‌గౌ అని ఒకటుంటుంది, లోపల రొయ్యలు. దాని పై పొర కోసం గోధుమ స్టార్చ్‌లో కాస్త కర్రపెండలం పిండి కలిపి, మరిగే నీళ్లు పోసి పిసుకుతారు. పొయ్యి మీంచి దిగిన కొద్ది నిమిషాలే ఆ పొర లోపలి రొయ్య రంగు కనిపించేంత పల్చగా, మెత్తగా ఉంటుంది. చల్లారితే బిగుసుకుంటుంది. మళ్లీ వేడి చేస్తే సాగుతుంది తప్ప పంటికి తెగదు.

ఇది మనకు బొత్తిగా తెలియని విద్యేమీ కాదు. వినాయక చవితికి ఉడుకు నీళ్లతో బియ్యప్పిండి కలిపి కుడుములు చేసే ఇళ్లలో, కుడుము వేడి మీద ఎట్లుంటుందో, రాత్రికి ఎట్లయితుందో పిల్లలక్కూడా తెలుసు.

మా ముందుకొచ్చిన హార్‌గౌ అడుగున కాగితానికి అతుక్కుపోయి ఉంది. చాప్‌స్టిక్స్‌తో ఎత్తితే పొర కాగితం మీదే మిగిలి, రొయ్య ఒక్కటే పైకొచ్చింది. బుట్ట మూత వేడిగా ఉంది, అడుగు చల్లగా ఉంది. పక్కన ఎర్రటి వెల్లుల్లి చట్నీ, మయొనైజ్. టీ అడిగితే పాలపొడి చాయ్ తెచ్చారు. మాలో మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆసామి ఒకాయన ఉన్నారు. బియ్యప్పిండి జారును పల్చటి రేకుగా ఆవిరి మీద ఉడికించి చుట్టే చ్యూంగ్‌ఫన్ ముక్కను ఆయన వేళ్ల మధ్య నలిపి చూశారు. "పిండి మంచిదే అన్నా. పొద్దున వండిందాన్ని ఇప్పుడు వేడి చేసి ఇచ్చిండ్రు" అన్నారు. మాతో వచ్చిన కుర్రాడు మాత్రం "ఫ్రీయే కదా కాకా, తిను" అన్నాడు.

ఆ ఫ్రీ దగ్గరే ఉంది అసలు మతలబు. గోవా క్యాసినోల్లో ఎంట్రీ టికెట్‌లోనే తిండి, మందు కలిపి ఇవ్వడం మామూలు. అంటే తిండికి గేటు దగ్గరే డబ్బు కట్టేశాం. కానీ విడిగా బిల్లు రాదు కాబట్టి ఇదేంటని అడగడానికి నోరు రాదు. యాజమాన్యం లెక్కలో రెస్టారెంట్ ఖర్చు పద్దు, ఆదాయమంతా ఆట బల్లల మీద. మనిషి తింటూ కూర్చున్న ప్రతి అరగంటా ఆడని అరగంటే. తీరిగ్గా కూర్చుని తినాల్సిన తిండిని, త్వరగా లేపి పంపాలనుకునే చోట పెట్టారు. ఇందులో వంటవాళ్లను తిట్టి లాభం లేదు. ఆర్డరు రాకముందే బుట్టలు నింపి పెట్టుకొమ్మని పైనుంచి ఎవరో చెప్పే ఉంటారు.

క్యాసినో తిండి అంటేనే ఇంతేనా అంటే, కాదు. చైనాలో క్యాసినోలకు పేరున్న మకావ్‌లో గ్రాండ్ లిస్బోవా క్యాసినో హోటల్లోని 'ది ఎయిట్' రెస్టారెంట్, గొప్ప వంటకు గుర్తింపుగా ఇచ్చే మిషెలిన్ స్టార్లు తెచ్చుకుంది. గోల్డ్‌ఫిష్ ఆకారంలో అక్కడ చేసే రొయ్యల డిమ్‌సమ్‌కు మంచి పేరుంది. అక్కడి క్యాసినోలకూ డబ్బు తెచ్చేది జూదమే. కాకపోతే మకావ్ వచ్చేవాళ్లలో హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్ జనం ఎక్కువ. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే తిన్నవాళ్లకు చిరిగిన హార్‌గౌ పెట్టి తప్పించుకోవడం కష్టం.

గోవాలో ఆ టెన్షన్ లేదు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులను క్యాసినోల్లో ఆడే చోటికి రానివ్వడం లేదు. వాళ్ల కుటుంబాల కోణంలో చూస్తే మంచి నిర్ణయమే. ఇక లోపల ఉండేదంతా బయటి గిరాకీ, మనలాంటి ఏడాదికోసారి బాపతు. వీళ్లు వచ్చే వారం మళ్లీ రారు. ఊరికెళ్లి నలుగురికి చెప్పినా ఎంత గెలిచారో, ఎంత పోయిందో చెబుతారు తప్ప రొయ్య ముచ్చట ఎత్తరు. పాలమూరోడికి, నల్లగొండోడికి డిమ్‌సమ్ గురించి ఏం తెలుస్తదిలే అన్న ధీమా ఆ వంటగది నిండా కనిపించింది. రుచి బాగాలేకపోవడం కన్నా నాకు ఒళ్లు మండింది దీనికే.

పన్ను భారం పెరిగిన మాట నిజం. క్యాసినోల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 2025 సెప్టెంబరులో 40 శాతానికి చేరింది. ఖర్చు తగ్గించుకోవాలని వాళ్లు చూడటం సహజమే. అలాంటప్పుడు అంత పొడుగు మెనూ ఎందుకు? నాలుగు రకాలే పెట్టి, అడిగినప్పుడు బుట్ట ఆవిరి మీదికి ఎక్కించే మనిషిని ఒకర్ని నిలబెడితే ఇంతకన్నా తక్కువలోనే అయిపోతుంది. అదీ వద్దనుకుంటే మోమోలని బోర్డు పెట్టి మోమోలే అమ్ముకోవచ్చు. ఆ ఎర్ర చట్నీ వాటికైతే బాగానే ఉంటుంది.