కాల్షియం నార్మలే, మరి ఎముకల సంగతి?

రక్త పరీక్ష చీటీలో కాల్షియం ఎదురుగా 9.4 అని ఉంటుంది. పక్కనే 8.5 నుంచి 10.5 దాకా అన్న హద్దులు అచ్చయి ఉంటాయి. అంకె ఆ రెండింటి మధ్య పడితే చాలు, చీటీ మడిచి పక్కన పెట్టేస్తాం. తిండిలో కాల్షియం సరిపోతోందన్న భరోసా కూడా దాంతోనే వచ్చేస్తుంది. ఆ భరోసాకు ఆధారం లేదు. తినే కాల్షియం ఏళ్ల తరబడి కావలసిన దాంట్లో సగమే ఉన్నా ఆ అంకె దాదాపు కదలదు, దాన్ని కదలనివ్వకుండా శరీరమే కాపాడుతుంది కాబట్టి.

అంత పట్టుదల ఎందుకో 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు గమనించిన సంగతి చెబుతుంది. బయటికి తీసిన కప్ప గుండె, కుళాయి నీటితో కలిపిన ఉప్పు ద్రావణంలో చాలాసేపు కొట్టుకుంది. అదే ద్రావణాన్ని స్వేదనజలంతో కలిపితే కాసేపటికే నీరసించి ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉండి స్వేదనజలంలో లేనిది కాల్షియం. కణం వెలుపలితో పోలిస్తే లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం సుమారు పదివేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. ఆ తేడా మీద ఆధారపడే గుండె కండరం ముడుచుకుంటుంది, నాడి నుంచి నాడికి సందేశం దాటుతుంది. రక్తం గడ్డకట్టడానికీ కాల్షియమే కావాలి. కాబట్టి దాన్ని ‘ఎముకల ఖనిజం’ అని పిలవడం సగం నిజమే.

ఆ సగం నిజం వల్లనే అసలు నష్టం కనబడకుండా పోతోంది. పెద్దవారి శరీరంలో కిలోకు అటూ ఇటూగా ఉండే కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతంలో కాస్త తగ్గుదల కనిపించగానే, మెడలో థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదులుతాయి. దాంతో ఎముక కొంత కరుగుతుంది, మూత్రంలో పోయే కాల్షియాన్ని కిడ్నీలు వెనక్కి పట్టుకుంటాయి, విటమిన్ డి చురుకైన రూపం పెరిగి పేగు మరింత పీల్చుకుంటుంది. ఒకరోజు లోటుకు ఇది చక్కని ఏర్పాటు. లోటు రోజువారీ వ్యవహారమైనప్పుడు మాత్రం, పొలం అమ్ముకుంటూ జేబు నింపుకునేవాడి జేబు తడిమి చూసి వీడికేం లోటు అనుకోవడమే రక్త పరీక్ష చేసే పని. ముప్ఫయ్యో ఏటికి ఎముక తన గరిష్ఠ బరువుకు చేరుతుంది, ఆ తర్వాత తరుగుదలే. మెనోపాజ్ తర్వాత ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. నేల మీది వస్తువు తీయడానికి వంగినప్పుడు వెన్నుపూస చిట్లేదాకా ఎముక గుల్లబారిన సంగతి కొందరికి తెలియదు.

ఇంతకంటే విడ్డూరమైనది కిడ్నీ రాళ్ల భయం. రాయి కాల్షియందే కదా అని పాలు, పెరుగు మానేసేవారు ఎందరో. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆగ్జలేట్, అంటే పాలకూర వంటివాటిలో ఉండే ఆగ్జలేట్ అనే పదార్థంతో కాల్షియం కలిసి గట్టిపడినది. తిండితో వచ్చిన కాల్షియం పేగులోనే ఆగ్జలేట్‌ను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. కాల్షియం మానేస్తే ఆగ్జలేట్ అడ్డులేకుండా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మంది పురుషులపై ఇటలీలో చేసిన అయిదేళ్ల అధ్యయనం 2002లో వెలువడింది. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు తిరగబెట్టాయి. కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి. ఘనత అంతా కాల్షియందే అనలేం, ఉప్పు తగ్గితే మూత్రంలో కాల్షియమూ తగ్గుతుంది. అయినా పాలు మానేయడం మందు కాదని తేలిపోయింది. పాలలోది 30 శాతం దాకా ఒంటికి పడుతుంటే, పాలకూరలో కాల్షియం దండిగా ఉన్నా సుమారు 5 శాతమే పట్టడానికి కారణం ఈ ఆగ్జలేటే.

మాత్రలున్నాయిగా అంటారు. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్నచోట గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాములు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే సూచించింది. గర్భవాతం (గర్భిణికి రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే జబ్బు) ముప్పు తగ్గుతుంది కాబట్టి అందులో వాదించడానికేమీ లేదు. పారాథైరాయిడ్ దెబ్బతిన్నవారికి మాత్ర ప్రాణాధారం. అందరికీ మాత్ర అన్నప్పుడే పేచీ. మెనోపాజ్ దాటిన 36 వేల మందికి పైగా అమెరికన్ మహిళలపై జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, 1000 మిల్లీగ్రాముల కాల్షియాన్ని విటమిన్ డితో కలిపి ఇస్తే తుంటి ఎముక సాంద్రత స్వల్పంగా పెరిగింది. తుంటి విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, కిడ్నీ రాళ్లు 17 శాతం పెరిగాయి. తిండితో రాళ్లను ఆపే ఖనిజమే మాత్రగా వచ్చినప్పుడు ఎదురు తిరిగింది.

ఈ కొలతల జబ్బు కాల్షియం దగ్గరే ఆగేది కాదు. శరీరం దేన్ని ప్రాణం పెట్టి కాపాడుతుందో దాన్నే కొలిచి ఆరోగ్యం అంటున్నాం. ఇన్సులిన్ పనితీరు దెబ్బతింటున్నా పరగడుపు చక్కెర ఏళ్ల తరబడి నార్మల్‌గానే కనిపించవచ్చు. ఇనుము నిల్వలు అడుగంటుతున్నా హిమోగ్లోబిన్ కొంతకాలం నిలబడుతుంది. ‘ఏం తింటున్నారు?’ అన్న ప్రశ్నను చీటీ పక్కకు నెట్టేసింది. ఆ ప్రశ్న ముందుగా అడగవలసింది 9 నుంచి 18 ఏళ్ల పిల్లలను. అమెరికా ప్రమాణం వారికి రోజుకు 1300 మిల్లీగ్రాములు, అంటే 19 నుంచి 50 ఏళ్ల పెద్దల కంటే 300 ఎక్కువ. ఎముక ఖజానా చాలావరకు నిండేది ఆ వయసులోనే. అప్పుడు పరీక్ష చేయించినా చీటీలో వచ్చేది అదే 9.4.