లోథాల్ వెళ్లేవాళ్లకు

గుజరాత్‌లో సింధు నాగరికత కాలపు పట్టణం లోథాల్ 'సముద్రపు ఒడ్డున' ఉందని ఒక వ్యాసంలో రాశారు. ఒకప్పటి మాట అది. నదులు తెచ్చిన మట్టి మేట వేయడంతో ఖంబాత్ సింధుశాఖ ఎప్పుడో దూరం జరిగిపోయింది. ఇప్పుడు చుట్టూ పొలాలే. అహ్మదాబాద్ నుంచి దాదాపు 80 కి.మీ. శుక్రవారం మ్యూజియం మూత, ఆ రోజు పెట్టుకోకండి. ముందు మ్యూజియం చూసి తర్వాత తవ్వకాల దగ్గరికి వెళ్లండి, లేకపోతే అన్నీ ఒకేలాంటి ఇటుక గోడల్లా ఉంటాయి.

ఓడల రేవుగా చెప్పే పెద్ద ఇటుక తొట్టి పొడవు 200 మీటర్ల పైమాటే, వెడల్పు సుమారు 37. చాలామంది గట్టు మీదే ఫొటో దిగి తిరిగొస్తారు. దక్షిణపు గోడ దాకా నడవండి: ఎక్కువైన నీళ్లు పోయే తూము అక్కడే ఉంది, చెక్క తలుపు దించే గాడితో సహా.

అసలు విశేషం పక్కనున్న గిడ్డంగి అరుగు. అక్కడ దొరికిన ముద్ర వేసిన మట్టి బిళ్లల వెనకవైపు తాడు, చాప అచ్చులున్నాయి. అంటే సరుకు మూటలకు వేసిన సీళ్లన్నమాట! గిడ్డంగి తగలబడితే కాలి గట్టిపడ్డాయి కాబట్టే మిగిలాయి.

తొట్టి రేవు కాదు, మంచినీళ్ల చెరువు అనే వాదన 1960ల నుంచీ ఉంది. నాకు మాత్రం ఆ బిళ్లలు చూశాక రేవనే అనిపిస్తుంది.

అరుగు పచ్చి ఇటుకది, దయచేసి ఎక్కకండి.