చీమకుర్తి నిప్పుకప్ప గారికి

మహారాజశ్రీ నిప్పుకప్ప గారికి నమస్కారాలతో,

రోహిణి కార్తె, కరెంటు లేదు. అలాంటి మధ్యాహ్నం పూట, నా ఊహలోనే పుట్టిన తమర్ని కాగితం మీదన్నా బతికిద్దామని కూర్చుంటే, ఏ లెక్క వేసినా మూడింటికల్లా ఎండిపోయారు. నల్ల గ్రానైటు క్వారీలో, చెయ్యి పెడితే చుర్రుమనే బండ మీద మిట్టమధ్యాహ్నం కూర్చుంటానని పట్టుబట్టింది తమరే. పైగా రాయికి మ్యాచింగ్‌గా నలుపు మీద బంగారు చుక్కలు! ఆఫ్రికాలో నురగగూళ్ళు కట్టే కప్ప ఎండెక్కితే తెల్లబడుతుంది. ఆపాటి ఇంగితం తమరికి లేకపాయె.

తోలు సంగతికొద్దాం. తూకం 20 గ్రాములు, వీపు 15 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. తమరి వీపు వాటా ఒకటిన్నర వాట్లు. అదంతా ఒంట్లోకి దిగితే, చెమ్మ ఆరబెట్టి వదిలించుకోడానికి గంటకు రెండు గ్రాములకు పైనే నీళ్ళు కావాలి. కింద బండ కాల్చేది, పడమటి గాలి పీల్చేది ఇందులో కలపలేదు. మూడు గంటల్లో ఒంటి బరువులో మూడో వంతు ఆవిరి.

మైనం పూయమన్నారు, పూశాం. దక్షిణ అమెరికాలో ఒక చెట్టుకప్ప తన ఒంట్లో ఊరే మైనాన్ని కాళ్ళతో తనే పులుముకుంటుంది. అదైనా కొమ్మ మీద ఉంటుంది గానీ బండ మీద కాదు. మైనం పూస్తే చెమ్మ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పొట్టకీ పూస్తే ఇంకా నయం! కప్పలు చాలావరకు నోటితో తాగవు, తడినేలకు పొట్ట ఆనించి తోలుతోనే పీల్చుకుంటాయి. ఆ దారీ మూసుకుపాయె. ఏంది సామీ ఇది? తెరిస్తే ఎండుతావు, మూస్తే ఉడుకుతావు! అది తోలా, మా పాలిటి శనా?

గుడ్ల మాటెత్తొద్దు. వాటికి పెంకే లేదు. జపాన్‌లో వేడినీటి ఊటల్లో, 46 డిగ్రీల దగ్గర తోకకప్పలు కనిపించాయంటావు. వాటి చుట్టూ నీళ్ళున్నాయి నాయనా!

మన చేలల్లో కప్పల్ని చూడు. వెనక్కాళ్ళతో మట్టి తోడుకుంటూ, వెనక్కి వెనక్కి దిగి, చెమ్మ తగిలిన చోట పడుకుంటాయి. వాన పడిందాకా పలకవు. నువ్వూ పగలు క్వారీ గుంత అడుగున, బురదలో ఉండు. వీపుకి మైనం ఇస్తాం, పొట్ట వదిలేస్తాం. రాత్రి ఎనిమిది దాటాక పైకి రా. అప్పటికీ ఆ నల్లబండ చల్లారదు, ముందు ఒక కాలు పెట్టి చూసుకో.