చెప్పకుండా మానేస్తే చివరి జీతం ఆపేయొచ్చా?

నోటీసు ఇవ్వకుండా మానేసిన ఉద్యోగి చివరి నెల జీతం అడిగితే "రూల్ ప్రకారం రాదు" అంటారు. ఆ రూల్ ఎక్కడుందంటే చూపించేది చాలాసార్లు అపాయింట్‌మెంట్ లెటరే, చట్టం కాదు.

చేసిన పనికి జీతం యజమాని తీర్చాల్సిన బాకీ. నోటీసు ఎగ్గొట్టడం వేరే తగాదా. దానివల్ల నష్టపోతే యజమాని పరిహారం అడగొచ్చు. అయితే ఆ నష్టం ఎంతో తనే తేల్చి, తన దగ్గరున్న జీతంలోంచి తనే పట్టుకుంటే ఫిర్యాదీ, జడ్జి ఒకరే అయినట్టు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో చేసిన 95వ ఒప్పందం కూడా జీతంలో కోతలను యజమాని ఇష్టానికి వదల్లేదు.

అసలు ఆ నష్టం ఎంత? ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఇదే. ఉద్యోగి పనిచేయని నోటీసు రోజులకు యజమాని జీతం ఇవ్వడు. అది మిగులే. బదులు మనిషికి ఇచ్చిన దాంట్లోంచి ఆ మిగులు తీసేస్తే తేలేదీ, పని ఆగడం వల్ల పోయినదీ మాత్రమే నష్టం. నెల జీతం మొత్తం పట్టుకునే వాళ్లలో ఈ లెక్క వేసేవాళ్లు తక్కువే అనుకుంటాను.

కాలిఫోర్నియా చట్టం సూటిగా ఉంటుంది. 72 గంటల ముందు చెప్పి మానేస్తే చివరి రోజే జీతం ఇవ్వాలి, చెప్పకుండా పోతే 72 గంటల్లోగా. కావాలని ఆపితే రోజుకో రోజు జీతం చొప్పున 30 రోజుల దాకా పెనాల్టీ. బ్రిటన్‌లో 1996 ఉపాధి హక్కుల చట్టం ప్రకారం కోతకు చట్టమో, ఒప్పందంలో షరతో, ముందస్తు రాతపూర్వక అంగీకారమో ఉండాలి. అంటే అక్కడ సంతకానికి విలువ ఎక్కువ. భారత వేతనాల కోడ్ 2019 రాజీనామా చేసినవాళ్లకూ 2 పనిదినాల్లో చెల్లించమంటోంది. 10 మంది, అంతకు మించి కూడబలుక్కుని నోటీసు లేకుండా పనికి రాకపోయినా, రాని రోజుల జీతం కాక నోటీసు కింద అదనంగా కోసేది 8 రోజుల వేతనం దాటకూడదని, అదీ ఒప్పందంలో ఉంటేనేనని చెబుతోంది. ఒక్క మనిషి పోయినందుకు నెల మొత్తం ఎలా న్యాయమవుతుంది?

చిన్న యజమానుల ఇబ్బంది మాత్రం నిజమే. పని మధ్యలో మనిషి మాయమైతే కోర్టుకెళ్లడం దండగ, చేతిలో ఉన్నది జీతమొక్కటే. కానీ మానేసినవాడికి కోర్టు ఇంకా దూరం. బోనస్ లాంటివాటికి ముందే షరతు పెట్టుకోవడానికి వీలుంటుంది, యజమాని భయానికి అదే సరైన చోటు.

జీతం ఆగిన ఉద్యోగి ముందుగా అడగాల్సింది కోత వివరం: ఏ నిబంధన కింద, ఎన్ని రోజులకు, ఎంత. అది రాతలో ఇమ్మనాలి. కార్మిక శాఖకు ఫిర్యాదు రాయాల్సి వస్తే, ఆ కాగితంతోపాటు హాజరు రికార్డునూ జతచేయొచ్చు.