సీసా మీది శాతం గుర్తు గారికి బహిరంగ లేఖ

శ్రీ శాతం గుర్తు గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. ప్రయోగశాలలో ఏ సీసా తిప్పినా లేబుల్ మీద మీరే. అంకె పక్కన ఒక వాలుగీత, దానికి అటో సున్నా ఇటో సున్నా పెట్టుకుని, గాఢత సంగతి పూర్తిగా తేల్చేసినట్టు కనిపిస్తుంటారు. తేలనిది ఒక్కటే ఉంది. అది అడుగుదామనే ఈ ఉత్తరం. అయ్యా, దేంట్లో ఎంత?

ఎవరో 5 శాతం ఉప్పు ద్రావణం కావాలన్నారు. ఉప్పు ద్రావితం, నీరు ద్రావణి. అక్కడిదాకా పేచీ లేదు. ఇప్పుడు 5 గ్రాముల ఉప్పుకి 95 గ్రాముల నీళ్లు కలపాలా? అది బరువులో బరువు లెక్క. లేక 5 గ్రాములు ఫ్లాస్కులో వేసి, మొత్తం ద్రావణం 100 మిల్లీలీటర్ల గీతని తాకేదాకా నీళ్లు పోయాలా? అది ఘనపరిమాణంలో బరువు లెక్క. ఈ గొడవంతా ఎందుకని 100 గ్రాముల నీళ్లలో 5 గ్రాములు పడేసి చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి వచ్చేది 4.76 శాతం. మీరు మాత్రం మూడు సీసాల మీదా అదే మొహం పెట్టుకుని కూర్చుంటారు.

పల్చటి ద్రావణాల్లో మీ గుట్టు బయటపడదు లెండి. సెలైన్ 0.9 శాతం అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు. లీటరు సెలైన్ కూడా కిలోకి ఏ నాలుగైదు గ్రాములో ఎక్కువ తూగుతుంది, అంతే. కాబట్టి ఏ లెక్క వేసినా తేడా గోరంత. మీ మీద జనానికి నమ్మకం కుదిరేది అక్కడే. ఆ నమ్మకంతోనే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దగ్గరికి వెళ్తారు. లేబుల్ మీద 98 శాతం. ఆ ఆమ్లం 100 మిల్లీలీటర్లు తూస్తే 184 గ్రాములు, అందులో అసలు ఆమ్లం 180 గ్రాములు. అంటే ఘనపరిమాణం లెక్కలో అది 180 శాతం! నూటికి నూట ఎనభై మార్కులు వేసే పరీక్ష మీ దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు.

నవ్వుకుని వదిలేద్దామంటే పని దగ్గర కుదరదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద 37 శాతం అని ఉంటుంది. అది బరువులో బరువు. సాంద్రత 1.19 వేసుకుని లెక్క కడితే సీసాలో ఉన్నది సుమారు 12 మోలార్, అంటే లీటరుకి 12 మోల్‌లు (మోల్ అంటే అణుభారం ఎంతో అన్ని గ్రాములు). లీటరు 1 మోలార్ ద్రావణం కావాలంటే 83 మిల్లీలీటర్లు తీస్తే చాలు. కొత్తగా చేరిన కుర్రాడు 37 శాతం అంటే 100 మిల్లీలీటర్లకి 37 గ్రాములే కదా అనుకుని 99 మిల్లీలీటర్లు తీస్తాడు. చేతికొచ్చేది 1.19 మోలార్. 19 శాతం ఎక్కువ. చూశారా, మీ వల్ల వచ్చిన తప్పుని చెప్పడానికి కూడా మీరే కావాలి.

ఇక ఆల్కహాల్ విషయం. 70 శాతం అని రాసి, ఈసారి ఘనపరిమాణంలో ఘనపరిమాణం అంటారు. సరే, 70 మిల్లీలీటర్ల ఇథనాల్‌కి 30 మిల్లీలీటర్ల నీళ్లు పోశాం. 100 రాలేదు! రెండింటి అణువులూ ఒకదానితో ఒకటి సర్దుకుని దగ్గరగా చేరడంతో మొత్తం కుంచించుకుపోతుంది. గీత దాకా తేవాలంటే నీళ్లు 33 మిల్లీలీటర్లు దాటి పోయాలి. అదే ద్రావణాన్ని బరువు లెక్కన చూస్తే 62 శాతమే. ఇదంతా మీ తప్పని అనను, ప్రకృతి చేసిన పని. కానీ ముందే ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా?

మీ ఘనకార్యాలన్నిటికీ తలమానికం ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ అనే వాయువుని నీళ్లలో కరిగిస్తే వచ్చే ద్రావణం అది. ఒక సీసా మీద 37 శాతం, పక్క సీసా మీద 40 శాతం. ఏది ఘాటు అని అడిగితే రెండూ ఒకటే. మొదటిది బరువు లెక్క, రెండోది ఘనపరిమాణం లెక్క. అక్కడితో అయిపోతే బాగుండేది. కణజాలాలు పాడవకుండా ఉంచడానికి వాడేది 10 శాతం ఫార్మలిన్. అంటే ఫార్మలిన్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. అందులో ఉన్న ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతం. ఒకరి నోట్సులో 10 అని, ఇంకొకరి నోట్సులో 4 అని, సీసా మాత్రం అదే. రెండో శాతం మొదటి శాతంలో శాతం అన్నమాట. 10 శాతం ఫార్మలిన్ అని చదివి 10 శాతం ఫార్మాల్డిహైడ్ తయారు చేసినవాడి ద్రావణం రెండున్నర రెట్లు ఘాటెక్కుతుంది. అప్పుడూ మీరు లేబుల్ మీద చిరునవ్వుతోనే ఉంటారు.

(5 శాతం కాపర్ సల్ఫేట్ ఊసెత్తను. నీలం స్ఫటికాలు 5 గ్రాములు వేస్తే అందులో కాపర్ సల్ఫేట్ 3.2 గ్రాములే, మిగతాదంతా స్ఫటికంలో ఇరుక్కున్న నీరే. లేబుల్ దేన్ని లెక్కపెట్టిందో మీకే ఎరుక.)

మందుల లేబుళ్ల మీద కూడా మీరు తయారు. తిమ్మిరెక్కించే మందు లిడోకైన్ 1 శాతం అంటే మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములని టెన్షన్‌లో ఉన్న డాక్టరు మనసులో మార్చుకోవాలి. మీ అన్నగారు నిష్పత్తి కూడా ఇలాగే వెలిగారు. అడ్రినలిన్ 1:1000 అంటే మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము, 1:10,000 అంటే 0.1 మిల్లీగ్రాము. సున్నాలు పెరిగేకొద్దీ మందు తగ్గుతుంది, కంగారులో చదివితే పదిరెట్ల తేడా. అందుకే అమెరికాలో 2016 నుంచి అడ్రినలిన్ లేబుళ్ల మీద ఆయన్ని తీసేసి, మిల్లీలీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని నేరుగా రాస్తున్నారు. బెదిరిస్తున్నానని అనుకోకండి, వార్త చెవిన వేస్తున్నానంతే.

మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయమని అడగడం లేదు. అణుభారం తెలియకపోయినా, తక్కెడ ఒక్కటుంటే చాలు, మీతో పని జరిగిపోతుంది. ఆ ఉపకారం మరచిపోను. ఇకమీదట సీసా ఎక్కేటప్పుడు బరువులో బరువో, ఘనపరిమాణంలో బరువో, ఘనపరిమాణంలో ఘనపరిమాణమో ఎవరో ఒకర్ని వెంటబెట్టుకుని రండి. లేబుల్ మీద బోలెడు చోటుంది. అందమైన చెట్టు బొమ్మ వేయడానికి దొరికిన జాగా ఈ రెండు మాటలకి దొరకదా?

ఇట్లు,
కాలిక్యులేటర్ మీటలు అరిగిపోయిన ఒక ప్రయోగశాల ఉద్యోగి

తా.క.: ఈ ఉత్తరం సంగతి తెలిసి మోలార్లలో గాఢత చెప్పే మోలారిటీ గారు మీసం మెలేస్తున్నారట. ఆయన లెక్క లీటర్లలో. వేడెక్కితే ద్రావణం వ్యాకోచిస్తుంది, ద్రావితం ఒక్క రవ్వ కూడా పోకుండానే ఆయన అంకె తగ్గుతుంది. ఫ్లాస్కు మీద 20 డిగ్రీలని ఎందుకు రాసి ఉంటుందో ఒకసారి చూసుకోమనండి. రసాయన చర్యలో ద్రావితం ఎంత పని చేస్తుందో దాన్నిబట్టి గాఢత చెప్పే నార్మాలిటీ గారికీ రాద్దామనుకున్నాను. కానీ అదే 0.1 మోలార్ పర్మాంగనేట్‌లో ఆయన ఆమ్ల యానకంలో 0.5గా, తటస్థ యానకంలో 0.3గా ఉంటారట. ఏ చిరునామాకి వేయాలో తెలియక ఆగాను.